తొలినాటి సాక్సన్ల అంత్యక్రియలు, నమ్మకాలు, భయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాక్సన్లు ఎవరు? ఇక్కడ చర్చించేది ఏ కాలం?

ఇప్పటి జర్మనీ ఉత్తర తీరంలో, ఎల్బె, వేజర్ నదుల పరిసరాల్లో నివసించిన జర్మానిక్ ప్రజలను సాక్సన్లు అనేవారు. రోమన్ పాలన బ్రిటన్ నుంచి తొలగిపోయిన తరువాత, 5వ శతాబ్దంలో వీరిలో అనేకులు పొరుగువారైన ఆంగ్లులతో, జూట్లతో కలిసి సముద్రం దాటి వచ్చి ఇప్పటి ఇంగ్లండ్ తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో స్థిరపడ్డారు. తూర్పు సాక్సన్ల నేల ఎసెక్స్ అయింది, దక్షిణ సాక్సన్ల నేల ససెక్స్ అయింది. ఇక్కడి సమాధానాలు ముఖ్యంగా సుమారు 450 నుంచి 700 వరకు ఇంగ్లండ్‌లో జరిగిన అంత్యక్రియలకు సంబంధించినవి. సముద్రానికి అవతల, స్వస్థలంలోనే ఉండిపోయిన సాక్సన్ల ప్రస్తావన అవసరమైన చోట వస్తుంది. ఒక సమాధిని చూసి ఇందులో ఉన్నది సాక్సన్ అనీ, పక్కదానిలో ఉన్నది ఆంగ్లుడనీ విడదీయడం చాలాసార్లు సాధ్యం కాదు కనుక, ఆ పేరును ఇక్కడ కొంత విశాలమైన అర్థంలోనే వాడుతున్నాం.

ఈ ఆచారాల గురించి వారు స్వయంగా రాసుకున్నది ఏమైనా ఉందా?

లేదు. క్రైస్తవం రాకముందు వారికి రూనిక్ అనే పాత జర్మానిక్ అక్షరాలు తెలిసినా, వాటితో చెక్కినవి ఒకటి రెండు మాటలకు మించవు. అందువల్ల మనకు మిగిలిన సాక్ష్యాలు రెండే. ఒకటి మట్టిలో దొరికిన సమాధులు, రెండోది తరువాతి కాలపు క్రైస్తవ గురువుల రాతలు. మట్టి ఏం చేశారో చెబుతుంది గాని ఎందుకు చేశారో చెప్పదు. గురువులు కారణాలు చెబుతారు గాని, వారు ఆ పద్ధతులను నిషేధించడానికి రాసినవారే తప్ప అర్థం చేసుకోవడానికి రాసినవారు కారు. సాక్సన్ల మూఢనమ్మకాలు అంటూ చలామణీలో ఉన్న మాటల్లో సగం ఈ రెండు సాక్ష్యాలను కలగలిపి వండినవే. కింది సమాధానాల్లో ఏది మట్టి చెప్పిన మాటో, ఏది గురువు చెప్పిన మాటో వేరు చేసి చూపడానికి ప్రయత్నించాం.

వారు శవాలను దహనం చేసేవారా, ఖననం చేసేవారా?

రెండూ చేసేవారు. 5వ శతాబ్దంలో నార్ఫోక్, లింకన్‌షైర్ వంటి తూర్పు ప్రాంతాల్లో దహనం ఎక్కువ. థేమ్స్ నదికి దక్షిణాన, కెంట్‌లో ఖననం ఎక్కువ. 6వ శతాబ్దం గడిచేకొద్దీ ఖననానిదే పైచేయి అయింది. ఒకే శ్మశానంలో పక్కపక్కనే రెండు పద్ధతులూ కనిపించడం కూడా సాధారణమే. నార్ఫోక్‌లోని స్పాంగ్ హిల్ శ్మశానంలో 1972 నుంచి 1981 వరకు జరిగిన తవ్వకాల్లో 2,000కు పైగా అస్థికల కుండలు బయటపడగా, ఖననం చేసిన సమాధులు 57 మాత్రమే ఉన్నాయి.

దహనం ఎలా జరిగేది? అస్థికలను ఏం చేసేవారు?

శవాన్ని బట్టలతో, నగలతో చితిపై ఉంచేవారని ఎముకలకు కరిగి అతుక్కుపోయిన గాజుపూసలు, కంచు పిన్నుల ముద్దలు చెబుతున్నాయి. చితి చల్లారిన తరువాత ఎముకలను ఏరి, చేత్తో మలచిన కుండలో నింపి, నేలలో చిన్న గొయ్యి తీసి పాతిపెట్టేవారు. అస్థి సంచయనం తెలిసిన మనకు ఇంతవరకు వింతేమీ కనిపించదు, అయితే వారు అస్థికలను నీటిలో కలపలేదు. కుండే వారికి సమాధి. ఎముకలన్నీ ఏరాలన్న పట్టింపు కూడా ఉన్నట్లు లేదు. చాలా కుండల్లో ఒక మనిషి ఎముకలు పూర్తిగా ఉండవు.

కుండలను మాత్రం శ్రద్ధగా అలంకరించారు. పచ్చిమట్టి మీద గీతలు గీసి, లోపలి నుంచి వేలితో నొక్కి బుడిపెలు తేల్చి, కొమ్ముతోనో ఎముకతోనో చేసిన అచ్చులతో ముద్రలు వేశారు. ఆ ముద్రల్లో స్వస్తిక గుర్తు, టివ్ అనే దేవుడి పేరుతో పిలిచే రూనిక్ అక్షరం కూడా కనిపిస్తాయి. వీటన్నిటిలో నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది స్పాంగ్ హిల్‌లో దొరికిన ఒక కుండ మూత. జానెడు కూడా ఉండని ఆ మట్టిబొమ్మలో ఒక మనిషి పీట మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, రెండు అరచేతుల మధ్య తల పట్టుకుని ఉంటాడు. అది చనిపోయిన వ్యక్తి రూపమా, దుఃఖిస్తున్న బంధువా, దేవుడా అన్నది తేలలేదు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో మనిషిని అలా పూర్తి బొమ్మగా మలచినది మరొకటి ఇంతవరకు దొరకలేదు. దీనిని ఇప్పుడు నారిచ్ కోట మ్యూజియంలో చూడవచ్చు.

అస్థికల కుండల్లో దువ్వెనలు, కత్తెరలు ఎందుకు ఉన్నాయి?

ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం. ఎముకల మధ్య కొమ్ముతో చేసిన దువ్వెనలు, వెంట్రుకలు పీకే చిమ్టాలు, మంగలికత్తులు, గొర్రెల ఉన్ని కత్తిరించే తరహా కత్తెరలు దొరుకుతాయి. వీటిలో చాలా వాటికి నిప్పు సోకలేదు, అంటే చితి మీద పెట్టినవి కావు, ఎముకలు ఏరిన తరువాత కుండలో వేసినవి. పైగా అనేకం పనికిరానంత చిన్నవి, అంత్యక్రియల కోసమే చేసిన నమూనాలు. దువ్వెనలనైతే విరిచి ఒక ముక్క మాత్రమే వేయడం కూడా ఉంది. మిగిలిన ముక్క ఇంట్లో దాచుకున్నారేమో అనుకోవాలనిపిస్తుంది గాని, దానికి రుజువు లేదు.

నిప్పులో మొదట మాయమయ్యేది జుట్టే కనుక, జుట్టుకు సంబంధించిన వస్తువులను తిరిగి చేర్చడం అంటే దేహాన్ని లాంఛనంగా మళ్ళీ సమకూర్చడమేనని కొందరు పరిశోధకులు వ్యాఖ్యానించారు. నాకు ఈ వ్యాఖ్య సమంజసంగానే తోస్తుంది.

ఖననం చేసినప్పుడు సమాధిలో ఏమేమి ఉంచేవారు?

చనిపోయిన వారిని బట్టలతోనే, చాలావరకు వెల్లకిలా పడుకోబెట్టేవారు. స్త్రీలకు రెండు భుజాల మీద దుస్తులను పట్టి ఉంచే కంచు పిన్నులు, వాటి మధ్య అంబరు, గాజు పూసల దండలు, నడుము దగ్గర చిన్న కత్తి, తాళంచెవుల ఆకారంలో వేలాడే కంచు వస్తువులు ఉండేవి. ఆ తాళంచెవులు ఏ తాళాన్నీ తీయవు. ఇంటి పెత్తనం ఆమెదని చూపే గుర్తులుగా వీటిని భావిస్తారు. పురుషులకు ఈటె, డాలు సాధారణం, కత్తి అరుదు. సాక్సన్ అన్న పేరుకే మూలమని చెప్పే సియాక్స్ అనే ఒంటివైపు పదునుగల పొడవాటి చురకత్తి కొన్ని సమాధుల్లో మాత్రమే కనిపిస్తుంది.

ఆయుధం ఉన్నంత మాత్రాన అతడు యోధుడని అనుకోకూడదు. పోరాడే వయసు రాని పిల్లల పక్కన, పుట్టుకతోనే అంగవైకల్యం ఉన్నవారి పక్కన కూడా ఈటెలు దొరికాయి. ఆ ఈటె యుద్ధం కంటే ఎక్కువగా వంశం గురించి, హోదా గురించి చెబుతుంది.

ఆ వస్తువులన్నీ పరలోకంలో వాడుకోవడానికేనా?

అదే సమాధానం అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది గాని, అది ఒక ఊహ మాత్రమే. తిండి పెట్టిన కుండలు, పానపాత్రలు, మాంసం ముక్కలు ప్రయాణ భత్యంలా కనిపిస్తాయి, నిజమే. అయితే సొంత వస్తువులను ఇతరులు వాడితే కీడు అన్న భయం కావచ్చు. వచ్చిన బంధువుల ఎదుట కుటుంబ స్థాయిని ప్రదర్శించడం కావచ్చు. ప్రేమతో ఇచ్చిన వీడ్కోలు కానుక కావచ్చు. సమాధి మూసేలోగా దాని చుట్టూ నిలబడిన వారికి ఆ అమరిక ఒక దృశ్యం. ఒకే సమాధిలో ఈ కారణాలన్నీ కలిసి ఉండవని అనుకోవలసిన పని లేదు.

వారికి తాయెత్తులు ఉండేవా?

ఉండేవి, ఎక్కువగా స్త్రీల, పిల్లల సమాధుల్లో. ఎర్రసముద్రం నుంచి వచ్చిన పెద్ద గవ్వలు, బీవర్ అనే జంతువు పళ్ళకు లోహపు తొడుగు వేసి చేసిన పతకాలు, చిల్లు పొడిచిన పాత రోమన్ నాణేలు, శిలాజాలు, నడుముకు వేలాడే సంచుల్లో పోగుచేసిన పాత గాజు, ఇనుము, కంచు ముక్కలు దొరికాయి. ఆ సంచుల నోటికి బిగించిన వలయాలు కొన్ని ఏనుగు దంతంతో చేసినవి. కెంట్‌లోను, వైట్ ద్వీపంలోను కొందరు సంపన్న స్త్రీల కాళ్ళ మధ్య, వెండి పట్టీలతో బిగించిన స్ఫటికపు బంతి, దాని పక్కనే చిల్లులు పొడిచిన వెండి గరిటె జంటగా కనిపిస్తాయి. ఆ గరిటె మద్యం వడకట్టడానికని కొందరు, మంత్రప్రక్రియకని కొందరు అంటారు. గవ్వ ఆకారాన్ని బట్టి సంతాన సాఫల్యానికి ధరించారని చెప్పేది కూడా ఇతర దేశాల ఆచారాలతో పోల్చి అనుకున్నదే.

కొందరిని బోర్లా పడుకోబెట్టి పూడ్చడం దయ్యాల భయం వల్లనేనా?

కొన్ని సందర్భాల్లో కావచ్చు. అలాంటి సమాధులు అరుదు గాని, వాటి గురించి అడిగేవారే ఎక్కువ. తూర్పు యార్క్‌షైర్‌లోని స్యూవర్‌బీలో కింద ఒక యువతిని విలువైన నగలతో, కంచు పాత్రతో పద్ధతిగా పూడ్చి, గొయ్యి పూర్తిగా పూడకముందే ఆమె పైన వయసులో పెద్దదైన మరొక స్త్రీని బోర్లా వేశారు. పైనున్న ఆమె కాళ్ళు, చేతులు మెలితిరిగి ఉన్నాయి. శరీరం మీద తిరగలి రాయి ముక్క ఒకటి ఉంది. ఆమెను సజీవంగా పూడ్చారని తవ్వినవారు భావించారు. మంత్రగత్తె అని శిక్షించారేమో అన్న ఊహ కూడా వచ్చింది. తరువాత దీనిపై సందేహాలు లేచాయి. శవం బిగుసుకుపోయినప్పుడు, లేదా కుళ్ళే దశలో మట్టి కుంగినప్పుడు కూడా అవయవాలు అలా మెలితిరిగినట్లు కనిపించవచ్చు. అయినా రాయిని అక్కడ పెట్టింది మనుషులే. అంతవరకు గట్టిగా చెప్పవచ్చు.

తల నరికి కాళ్ళ దగ్గర ఉంచిన సమాధులూ ఉన్నాయి. ఇది రోమన్ పాలన చివరి కాలంలోనే బ్రిటన్‌లో ఉన్న అలవాటు కనుక, దీన్ని కేవలం సాక్సన్ భయంగా చెప్పడం పొరపాటు.

జంతువులను కూడా మనుషులతో పాటు పంపేవారా?

పంపేవారు. అస్థికల కుండల్లో గుర్రం, గొర్రె, పశువులు, పంది, కుక్క ఎముకలు మనిషి ఎముకలతో కలిసే ఉంటాయి. సఫోక్‌లోని సటన్ హూలో, సమాధుల మీద పోసిన మట్టి దిబ్బల్లో 17వ దాని కింద ఒక యువకుడు ఒక గోతిలో, అతని గుర్రం పక్క గోతిలో ఉన్నారు. యువకుడి శవపేటిక దగ్గర కత్తి, డాలు, ఈటెలు, బకెట్టు, వంటపాత్ర, దువ్వెన ఉన్నాయి. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని ఓకింగ్టన్‌లో 2012లో బయటపడిన సమాధి ఇంకా విచిత్రం: అందులో ఒక స్త్రీ పక్కన ఒక ఆవు ఉంది. గుర్రం యోధుడి హోదా అయితే, ఆవు ఆ ఇంటి సంపద అని అనుకోవచ్చు.

పసిపిల్లల అంత్యక్రియలు ఎలా జరిగేవి?

శిశుమరణాలు అధికంగా ఉన్న ఆ కాలంలో శ్మశానాల్లో పసిబిడ్డల ఎముకలు చాలా తక్కువగా ఉన్నాయి. వారిని వేరే చోట లోతు లేకుండా పూడ్చి ఉండవచ్చు, లేత ఎముకలు మట్టిలో కరిగిపోయి ఉండవచ్చు. ఎసెక్స్‌లోని గ్రేట్ చెస్టర్‌ఫర్డ్ శ్మశానం దీనికి మినహాయింపు. అక్కడ శిశువుల సమాధులు అనేకం దొరికాయి.

ఓడతో సహా పూడ్చిపెట్టడం నిజమేనా?

నిజమే, కాని అది రాజులకు, గొప్పవారికి మాత్రమే దక్కిన మర్యాద. సటన్ హూలో 1939లో, స్థలం యజమాని ఎడిత్ ప్రెట్టీ కోరిక మీద బేసిల్ బ్రౌన్ తవ్విన పెద్ద దిబ్బ కింద సుమారు 27 మీటర్ల పొడవైన ఓడ ఉంది. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే ఓడ లేదు, ఓడ నీడ ఉంది: చెక్క మొత్తం ఇసుకలో కరిగిపోగా, ఇనుప మేకుల వరుసలు, ఇసుకలో చెక్క ముద్ర మాత్రం చెదరకుండా మిగిలాయి. శవం కూడా ఆ ఆమ్ల నేలలో కరిగిపోయింది. శిరస్త్రాణం, కత్తి, భుజాల దగ్గర దుస్తులను బిగించే బంగారు కొక్కేలు, బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) వెండి పళ్ళెం, గ్రీకు అక్షరాలతో సౌలు, పౌలు అన్న పేర్లు చెక్కిన రెండు వెండి చెంచాలు దొరికాయి. డబ్బు సంచిలో 37 బంగారు నాణేలు, ముద్రలేని మూడు బిళ్ళలు, రెండు చిన్న బంగారు కడ్డీలు ఉన్నాయి. బిళ్ళలతో కలిపి 40 అయ్యేలా లెక్క సరిచేశారనీ, అది పరలోకానికి ఓడ నడిపే 40 మంది తెడ్లవారికి కూలి అనీ, కడ్డీలు చుక్కాని పట్టేవాడికనీ ఒక వాదం ఉంది. వినడానికి ముచ్చటగా ఉన్నా, అది వాదమే.

అక్కడ పూడ్చినది తూర్పు ఆంగ్లుల రాజు రాడ్‌వాల్డ్‌నని ఎక్కువమంది నమ్మకం. ఆయన ఒకే గుడిలో క్రీస్తుకు ఒక బలిపీఠం, పాత దేవతలకు మరొక చిన్న బలిపీఠం పెట్టుకున్నాడని 731లో తన చరిత్ర గ్రంథం ముగించిన క్రైస్తవ సన్యాసి బీడ్ కోపంగా రాశాడు. ఆ సమాధిలో రెండు మతాల ఛాయలూ కనిపించడం దీనికి సరిపోతుంది.

మరో చిన్న విషయం. ఈ నిధి ఎవరిదన్న విచారణ 1939 ఆగస్టులో జరిగినప్పుడు, అందరూ చూస్తుండగా, తిరిగి తీసుకునే ఉద్దేశం లేకుండా పూడ్చినది కనుక ఇది ప్రభుత్వానికి చెందే నిధి కాదని తీర్పు వచ్చింది. ఎడిత్ ప్రెట్టీ దానిని బ్రిటిష్ మ్యూజియానికి దానం చేశారు.

ఆ నగల్లోని ఎర్రరాళ్ళు భారతదేశం నుంచి వెళ్ళినవన్న మాట నిజమా?

ఆ కాలపు ఐరోపా నగల్లో బంగారు గదుల్లో పొదిగిన గార్నెట్ రాళ్ళను పరీక్షించినప్పుడు, వాటిలో చాలా భాగం భారత ఉపఖండం నుంచి, కొంత భాగం ఇప్పటి చెక్ దేశం నుంచి వచ్చినట్లు తేలింది. తెలంగాణలో కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకు ప్రసిద్ధం. తొలి బైజాంటైన్ కాలపు చెక్కుడు రాయి ఒకటి ఆ గుట్ట రాయితో సరిపోలిందని 2018లో వెలువడిన పరిశోధన చెబుతోంది. దీన్ని పట్టుకుని సటన్ హూ రాజు మన గుట్ట రాయి ధరించాడని చెప్పడానికి మాత్రం వీల్లేదు.

సమాధి దిబ్బలంటే వారికి భయమా, గౌరవమా?

మొదట గౌరవం, తరువాత భయం అని చెప్పవచ్చు. సాక్సన్లు తమవారిని తరచుగా తమకంటే రెండు వేల ఏళ్ళ ముందటి కంచుయుగపు దిబ్బల్లోనో, వాటి చుట్టూనో పూడ్చారు. కొత్తగా వచ్చినవారు ఆ నేల పూర్వీకులను తమ పూర్వీకులుగా చెప్పుకోవడానికి అలా చేశారని ఒక అభిప్రాయం.

క్రైస్తవం స్థిరపడిన తరువాత అదే దిబ్బ కీడు చోటు అయింది. బేవుల్ఫ్ అనే పాత ఆంగ్ల కావ్యంలో నిధి ఉన్న దిబ్బను డ్రాగన్ కాపలా కాస్తుంది. డ్రేక్‌లో అన్న ఊరిపేరుకు డ్రాగన్ దిబ్బ అనే అర్థం. సుమారు 699లో గుత్లాక్ అనే సన్యాసి క్రోలండ్ చిత్తడి నేలలో, నిధి కోసం ఎవరో అంతకుముందే తవ్వి వదిలేసిన దిబ్బలో కుటీరం వేసుకున్నాడనీ, అక్కడ రాత్రిళ్ళు దయ్యాలు అతన్ని వేధించాయనీ అతని జీవితచరిత్ర చెబుతుంది. సటన్ హూలోనే రాజుల దిబ్బల పక్కన తరువాతి కాలంలో ఉరికొయ్య నాటి, శిక్షపడినవారిని మెలితిప్పిన భంగిమల్లో పూడ్చారు. ఇసుకలో వారి ఎముకలు లేవు, ఒంటి ఆకారపు నల్లటి మరకలు మాత్రమే ఉన్నాయి. ఊరి పొలిమేరలను వివరించే దస్తావేజుల్లో “అన్యమతస్థుల సమాధులు” అన్న గుర్తులు పదే పదే వస్తాయి. పొలిమేర అవతలి చోటుగా దిబ్బ మిగిలింది.

చావు ఇంట్లో ఏ నమ్మకాలు పాటించేవారు?

ఇక్కడ మనకు నిషేధాలే ఆధారం. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థియొడోర్ (668–690) పేరుతో ఉన్న ప్రాయశ్చిత్త నియమాల్లో, మనిషి చనిపోయిన చోట బతికున్నవారి ఆరోగ్యం కోసం, ఇంటి క్షేమం కోసం ధాన్యపు గింజలు కాల్చినవారికి ఐదేళ్ళ ప్రాయశ్చిత్తం విధించారు. ఎవరూ చేయని పనికి శిక్ష రాయరు కనుక, ఇది జరిగేదని నమ్మవచ్చు. ఐరోపా ఖండంలో 8వ శతాబ్దంలో తయారైన ఒక మూఢాచారాల జాబితా మొదటి అంశమే సమాధుల దగ్గర చేసే అపచారాలు. రెండోది శవం ముందు పాడే “దాద్‌సిసాస్” పాటలు. పేరు మిగిలింది, పాట మాత్రం పోయింది. 10వ శతాబ్దం చివర కూడా ఆల్ఫ్రిక్ అనే మతగురువు, శవం ఉన్న ఇంట్లో తాగుతూ, తింటూ, పాడుతూ, గట్టిగా నవ్వుతూ జాగారం చేసే చోటికి వెళ్ళవద్దని పూజారులను హెచ్చరించాడు. మూడు వందల ఏళ్ళ తరువాత కూడా హెచ్చరించవలసి వచ్చిందంటే, ప్రజలు వినలేదన్నమాట.

స్త్రీలు సమాధి దాటడం గురించిన మంత్రం ఏమిటి?

లాక్‌నుంగా అనే పాత వైద్య గ్రంథంలో ఇది ఉంది. బిడ్డను నెలలు నిండేదాకా మోయలేని స్త్రీ చనిపోయిన వ్యక్తి సమాధి దగ్గరకు వెళ్ళి, దాన్ని మూడుసార్లు దాటి, కష్టమైన ఆలస్యపు కాన్పు, వికలమైన పుట్టుక తనకు వద్దని మూడుసార్లు పలకాలి. బిడ్డ పోయినామె సొంత బిడ్డ సమాధి నుంచి కొంత తీసి, నల్ల ఉన్నిలో చుట్టి వ్యాపారులకు అమ్మివేయాలి. దుఃఖాన్ని అమ్మడం అన్న ఆ ఊహ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. గ్రంథం రాసినది క్రైస్తవ కాలంలోనే. మంత్రంలో క్రీస్తు ప్రస్తావన కూడా ఉంది. కనుక దీన్ని అచ్చమైన పాత మతంగా చూపడం సరికాదు.

క్రైస్తవం వచ్చాక ఈ పద్ధతులు వెంటనే ఆగిపోయాయా?

ఆగలేదు. క్రైస్తవ ప్రచారకుడు అగస్టీన్ 597లో కెంట్‌కు వచ్చాక కూడా రెండు మూడు తరాల వరకు సమాధుల్లో వస్తువులు పెడుతూనే ఉన్నారు. ఎసెక్స్‌లోని ప్రిటిల్‌వెల్‌లో 2003లో బయటపడిన చెక్కగదిలో తూర్పు సాక్సన్ల రాజవంశీకుడొకరి పక్కన వీణవంటి లైర్ వాద్యం, మడత పీట, పానపాత్రలు ఉన్నాయి. కళ్ళ చోట రెండు బంగారు రేకు శిలువలు ఉన్నాయి. 7వ శతాబ్దంలో కేంబ్రిడ్జ్ దగ్గరి ట్రంపింగ్టన్‌లో సుమారు 16 ఏళ్ళ అమ్మాయిని మంచం మీదే పడుకోబెట్టి, మెడ దగ్గర బంగారు, గార్నెట్ శిలువతో పూడ్చారు. మంచంతో ఖననం పాత ఆడంబరం, శిలువ కొత్త విశ్వాసం. సమాధి వస్తువులు 670, 680ల ప్రాంతంలో చాలా వేగంగా తగ్గిపోయాయి. చర్చి దాన్ని స్పష్టంగా నిషేధించిన శాసనం ఏదీ ఇంగ్లండ్‌లో కనబడదు. 687లో మరణించిన బిషప్ సెయింట్ కత్‌బర్ట్ మెడలో కూడా బంగారు శిలువ ఉంది.

సముద్రానికి అవతల మాత్రం కథ వేరు. అక్కడి సాక్సన్లను యుద్ధంలో లొంగదీసిన ఫ్రాంకుల రాజు షార్లెమాన్ 780లలో చేసిన శాసనంలో, శవాన్ని పాత పద్ధతిలో దహనం చేసి ఎముకలను బూడిద చేసినవారికి మరణశిక్ష అని ఉంది. క్రైస్తవులైన సాక్సన్లను పాత దిబ్బల వద్ద కాక, చర్చి శ్మశానంలోనే పూడ్చాలని మరో నియమం ఉంది.